పలక అంచుకు ఎర్రపోగు

మరమగ్గాల సాంచెలు కొట్టుకుంటుంటే కార్ఖానా నేల అదురుతుంది. ఆ అదురు లస్మయ్య అరికాళ్ళకు అలవాటు. పోగు తెగితే చెవుల కంటే ముందు కాళ్ళకు తెలిసిపోతుంది. ఆ సోమవారం మాత్రం తెలియలేదు. మనిషి సాంచె ముందర ఉన్నాడు గానీ మనసు అక్కడ లేదు.

చూసేసరికి బట్ట మీద సన్నటి గీత పడి ఉంది. నిలువుపోగు ఒకటి తెగి, దాని జాగ ఖాళీగానే మనిషి పొడవు సాగిపోయింది. లస్మయ్య సాంచె ఆపి, నడుము వంచి, తెగిన కొసను వెతికి పట్టుకున్నాడు. మూతికున్న మాస్కు గదుమ కిందికి లాగి, కొసను నాలుకకు తడుపుకొని, రెండు వేళ్ళ మధ్య నలిపి ముడి వేశాడు. ముడిని అచ్చు పళ్ళలోంచి మెల్లగా లాగాడు. ఆ తర్వాత ఆయన చెయ్యి తనంతట తనే అంగి జేబులోకి పోయింది.

జేబులో ఎప్పుడూ ఎర్రపోగు ఉండ ఒకటి ఉంటుంది. తప్పు పడ్డచోట బట్ట అంచుకు ఎర్రపోగు కట్టాలి. కొనేవాడు బట్ట తాను మొత్తం విప్పకముందే తప్పు ఎక్కడుందో వాడి కంట పడాలి. మగ్గం గుంటలో కూసున్న నాడు తండ్రి నేర్పిన పని అది. మగ్గం పోయింది. సూరత్‌కు వచ్చి లింబాయత్ గల్లీల్లో తల నెరిసింది. వేళ్ళకు ఆ అలవాటు మాత్రం పోలేదు.

"క్యా రే లస్మయ్యా! ఫిర్ లాల్ ధాగా?"

వెనకాల ఓంప్రకాష్ మాస్టర్. సాంచెల మీద పెత్తనం ఆయనదే. తెలంగాణ వాళ్ళతో పని చేయించీ చేయించీ సగం తెలుగు పట్టుకున్నాడు.

"మన తప్పు మీద మనమే జెండా పాతుడా? మార్కెట్ల సేఠ్ ఆ ధాగా చూసే గదా రేటు కోస్తడు! నూలు ఖరాబున్నది, నాకు తెల్సు. అయితే ఏంది? బట్టకు నోరున్నదా చెప్పనీకి? నువ్వు ఎందుకు చెప్తవు?"

లస్మయ్య ఎర్రపోగును అంచుకు చుట్టి ముడి మొదలుపెట్టాడు.

"నీ బేటా సంగతి తెల్సు గనుక మంచిగ చెప్తున్న. ఇంకోసారి ఎర్ర ధాగా కనవడితే గేటు బయటనే. పని కోసం బయట లైన్ కట్టి నిలబడ్డరు."

లస్మయ్య సగం వేసిన ముడి విప్పాడు. సాంచె మళ్ళీ నడిచింది. గీత పడ్డ బట్ట మెల్లగా కింది రోలరు మీదికి ఎక్కి, రెండు చుట్లు తిరిగేసరికి లోపలికి పోయింది. ఇక అక్కడ ఏమీ జరగనట్టే ఉంది. ఎర్రపోగు తునక ఆయన పిడికిట్లోనే మిగిలింది.

తిండి విరామంలో పక్క సాంచె సోమలింగం వచ్చి డబ్బా విప్పుకుంటూ అన్నాడు. "ఏం మామా, మాస్టర్ హారతి పట్టిండా పొద్దుగాల్నే?"

"పట్టిండు."

"ప్రసాదం పెట్టలేదా?"

లస్మయ్యకు నవ్వు రాలేదు. రొట్టె ముక్కను నీళ్ళలాంటి పప్పులో ముంచి, నోట్లో పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు. "సోమలింగం, ఫోన్ల పలక ఒకటి వస్తదట. పాటీ అని. జర చూడు."

ముందురోజు కమలాకర్ నోరు తెరిచాడు. దవాఖానా నుంచి వచ్చిన తర్వాత కొడుకు మాట్లాడిన మొదటి పెద్ద మాట అదే. కరోనా తగ్గిందని సంతోషపడేలోపు నల్ల ఫంగస్ ముక్కులోంచి కంటికి పాకింది. ఎడమ కన్ను తీసేశారు. ఉన్న ఒక్క కన్ను ఫోన్ వెలుగు తగిలితే చాలు, నీళ్ళు కారి తల పగిలిపోతుంది. ఫోన్ ముట్టొద్దన్నాడు డాక్టర్. నీళ్ళ లైన్లో నిలబడ్డా, నూలు కండెలు చుట్టినా ఫోన్లో ఏదో ఒక పుస్తకం చదువుతూనే ఉండే పిల్లవాడు వాడు. సూరత్‌లో తెలుగు పుస్తకం అచ్చుది దొరకదు, దొరికినా చీమల్లాంటి ఆ అక్షరాలు ఇప్పుడు వాడికి ఆనవు. ఇంట్లో అర్ర మూలకు దుప్పటి అడ్డం కట్టించుకొని, ఆ చీకట్లో గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు. పట్టీ కట్టిన మొఖం తల్లికి కూడా చూపడు.

అటువంటివాడు దుప్పటి వెనకనుంచి అన్నాడు. "బాపు, కన్ను పోకముందు ఫోన్ల ఒక పలక చూసిన. దాని తెర కంటికి తాకదట. కాగితం లెక్కనే ఉంటదట. అడిగి చూస్తవా?"

సోమలింగం వేలితో ఫోన్ జరుపుతూ పలక దొరకబట్టాడు. "ఇగో. పాటీ అంటే గుజరాతీల పలకనే. మంచిగున్నది మామా. వేల పుస్తకాలు పడతయట. అక్షరం ఎంత పెద్దగ కావాలంటే అంత పెద్దగైతదట."

బొమ్మలో ఒక పిల్ల రాత్రిపూట దుప్పటి కప్పుకొని పలక చదువుతోంది. పిల్ల మొఖమ్మీద పాలమీగడ లాంటి వెలుగు.

"ఎవలు చేస్తున్రు?"

"ఎవలో కంపెనీ. ఐదు చుక్కలున్నయి చూడు. అందరు మెచ్చుకున్నరు."

"ఆ చుక్కలు ఎవలు పెట్టిన్రు?"

"కొన్నోళ్ళు."

"కొన్నోళ్ళను నువ్వు చూసినవా?"

సోమలింగం రొట్టె నములుతూ ఆగిపోయాడు. "మామా, పలక కొంటున్నవా, పిల్లను ఇస్తున్నవా?"

"పైసలు ముందా, సరుకు ముందా?"

"పైసలే ముందు. గా తర్వాత పంపుతరు."

లస్మయ్య డబ్బా మూత పెట్టేశాడు. ముందుగా పైసలు అడిగినవాడు ఇంకొకడు ఉండె. ఊరంతా ఆ ఫంగస్ ఇంజక్షన్ దొరకని రోజుల్లో సలాబత్‌పురాలో ఒకతను దొరికాడు. మన తెలుగాయనే. "అన్నా, నీ కొడుకు నా తమ్ముడసొంటోడు" అన్నాడు. మంచు ముక్కలు వేసిన డబ్బాలో సీసాలు పెట్టి చేతికిచ్చాడు. అది మందో, ఉప్పు నీళ్ళో ఎవరికీ తెలియదు. మంచి మందైనా కన్ను పోయేదేనేమో. ఆ సంగతి ఇక ఎప్పటికీ తేలదు. భార్య కనకవ్వ ఒక్కనాడు కూడా ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని లస్మయ్యకు అనిపిస్తుంది.

సాయంత్రం ఇంటికి పోయేసరికి కనకవ్వ గడప దగ్గర చీరల కుప్ప ముందేసుకొని కూర్చుంది. మిషన్ కుట్టు చీరలకు వెనకాల వేలాడే దారాలు కత్తిరించడం ఆమె పని. చీరను బోర్లించి, ఎడమ అరచేతి మీద పరుచుకొని, చిన్న కత్తెర కొసతో దారాన్ని ఎత్తి టక్కున తెంపుతుంది. చీరకు తగలదు. ఆమె తలెత్తకుండానే "కాళ్ళు కడుక్కో" అని లేచింది. నీళ్ళు ఇవ్వడానికి లోపలికి పోతూ కత్తెరను నడుముకు దోపుకుంది.

ఇది కూడా దవాఖానా నుంచి వచ్చిన తర్వాతనే. నీళ్ళకు పోయినా, కొట్టుకు పోయినా కత్తెర ఆమె నడుముకే ఉంటుంది. పడుకుంటే తలకింద. బట్టలారేసే తాడు కూడా గల్లీలోకి మార్చింది. ఎందుకని లస్మయ్య అడగలేదు, ఆమె చెప్పలేదు.

దుప్పటి వెనక కదలిక వినిపించింది.

"అడిగినవా బాపు?"

"అడిగిన బిడ్డా. చూస్తున్న."

"తెలుగు వస్తదట. నేను చదివిన."

"అడుగుత."

అంతే. కానీ వాడు గోడ వైపు కాక ఇటు తిరిగి పడుకున్నాడని దుప్పటి కింద కనిపించే కాళ్ళను బట్టి తెలిసింది. కనకవ్వ ఆ కాళ్ళనే చూస్తోంది. చూస్తూ చూస్తూ భర్తను బయటికి రమ్మని సైగ చేసింది.

గల్లీలో మురికికాలువ పక్కన నిలబడి గొంతు తగ్గించి అంది. "పొద్దుగాల రొట్టె తిన్నడు. అడగకున్నా చాయ తాగిండు."

"మంచిదే గదనే."

"ఏం మంచిది? నాకు భయమైతున్నది. గది రాకుంటే? వచ్చి పనిచెయ్యకుంటే?" కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పైసలు పోతే పోనియ్యి. ఇంకోసారి మోసపోతే వాడు ఉండడయ్యా. కన్నతల్లిని, నాకు ఎర్కనే. ఇప్పుడే లేదని చెప్పు. ఆశ ముదరకముందే చెప్పు."

"లేదంటే మాత్రం ఉంటడా?"

పక్కింటి ఆమె బకెట్ తీసుకొని బయటికి వస్తే కనకవ్వ కొంగు సర్దుకొని, "ఇయ్యాల నీళ్ళు జల్దీ వచ్చినయి గదా వదినే" అని నవ్వుమొఖం పెట్టింది.

లస్మయ్య సోమలింగానికి ఫోన్ చేశాడు. ఆ బొమ్మ కింద ఏమన్నా ఊరి పేరు ఉందా చూడమన్నాడు. కొంతసేపటికి సోమలింగం తిరిగి చేశాడు. "మామా, దేశమంతా తిరిగి మన నెత్తినే ఉన్నదే! ఉన్ ఊర్లనట. సచిన్ ఊరికి పోయే తొవ్వల."

"రేపు పోత."

"సాంచె ఎవలు నడిపిస్తరు?"

"నువ్వు."

"అబ్బో. మాస్టర్ అడుగుతే?"

"కడుపునొప్పి అను."

"ఎవనికి, నీకా నాకా?" అని సోమలింగం పెట్టేశాడు.

తెల్లారి షేర్ ఆటో ఎక్కాడు. కరోనా రోజులని ముగ్గురినే ఎక్కించుకోవాలి, కానీ ఉధ్నా దాటగానే డ్రైవర్ ఆరుగురిని కుక్కాడు. అందరూ మాస్కులు పైకి లాక్కొని ఒకరి మొఖం మీద ఒకరు ఊపిరి వదలకుండా బయటికి చూస్తూ కూర్చున్నారు. సన్నటి వాన. రంగు మిల్లుల కంపు. ఉన్‌లో దిగి, రేకుల షెడ్లు వరుసగా ఉన్న గల్లీలో అడిగీ అడిగీ పోతే, సగం ఎత్తిన షట్టరు ఒకటి దొరికింది. పైన బోర్డు లేదు. పక్క గోడకు కాగితమ్మీద పాటీ అని గుజరాతీలో రాసి అంటించి ఉంది.

బోర్డు లేకపోవడం చూసే లస్మయ్య మనసు కుంగిపోయింది. కానీ వంగి లోపలికి పోయాడు.

ఒక పొడుగు బల్ల. దాని మీద విప్పిన పలకలు, సన్నటి తీగలు, పెట్టెలు. కుర్చీలు చాలా ఉన్నాయి, మనుషులు లేరు. ఒక్కడే ఉన్నాడు. కళ్ళద్దాలు, నలిగిన చొక్కా. లస్మయ్య తనకొచ్చిన హిందీలో వచ్చిన పని చెప్పాడు. రెండు మాటలు వినగానే అతను లేచి నిలబడ్డాడు.

"మీరు తెలుగువారా? అయ్యో, రండి, కూర్చోండి! నా పేరు రాధాకృష్ణ. మాది తెనాలి పక్కన. ఈ షెడ్డులో తెలుగు మాట విని ఎన్నాళ్ళయిందో!"

సలాబత్‌పురా మనిషి కూడా ఇట్లనే లేచి నిలబడ్డాడు. ఇట్లనే కూర్చోమన్నాడు. లస్మయ్య కూర్చోలేదు.

"పలక చూపెట్టు సారు."

రాధాకృష్ణ ఒక పలక తీసుకొని బల్ల దగ్గర ఆగలేదు. షట్టరు దగ్గరికి కుర్చీ లాగి, "ఇక్కడికి రండి, ఇక్కడ బాగుంటుంది" అని బయటి వెలుతురులో పెట్టి చూపించాడు.

లస్మయ్యకు అదొకటి నచ్చింది. బట్టల మార్కెట్లో ట్యూబులైటు కింద బట్ట తాను విప్పేవాడిని నమ్మకూడదు. రంగు కప్పిపుచ్చాలనుకున్నవాడే లోపల చూపిస్తాడు. గడప దాటి పగటి వెలుతురులో పరిచి, చూసుకో అనేవాడి దగ్గర దాచిపెట్టేది ఉండదు. ఇంతకాలం బట్ట కొన్నా, అమ్మినా లస్మయ్యకు ఆ ఎరుక తప్పలేదు.

పలకను చేతిలోకి తీసుకున్నాడు. బరువు లేదు. అంచు వెంట బొటనవేలు నడిపించాడు. వెనక్కి తిప్పి అరచేత్తో రుద్దాడు. రాధాకృష్ణ వేలితో తాకితే అక్షరాలు పెద్దవయ్యాయి, ఇంకా పెద్దవయ్యాయి. తెలుగక్షరాలు. నాలుగో తరగతి దాకా చదివిన లస్మయ్య కూడబలుక్కొని ఒక ముక్క చదివాడు. సాంచె దగ్గర దారాలు చూసీ చూసీ మసకబారిన ఆయన కళ్ళకు కూడా అవి తెల్లబట్ట మీద నల్లరంగు అద్దినట్టు ఆనాయి. మెరవడం లేదు. కంటిని గుచ్చడం లేదు.

"దీంట్ల తప్పేంది సారు?"

"తప్పేమిటండి?"

"ఏ సరుకుల్నైనా ఒక తప్పుంటది. దీంట్ల ఏడున్నది?"

రాధాకృష్ణ కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "ఏమీ లేదండి. ఏడాది వారంటీ. కాగితం కూడా ఇస్తాను."

ఆ మాట లస్మయ్యకు నచ్చలేదు. కానీ అరచేతిలో పలక ఉంది. దుప్పటి కింద ఇటు తిరిగిన కాళ్ళు కళ్ళముందర ఉన్నాయి. వెలుతురులో చూపించాడు గదా, అనుకున్నాడు. "కట్టియ్యి" అన్నాడు.

రాధాకృష్ణ బల్ల దగ్గరికి పోయి పలకకు గుడ్డ తొడుగు వేసి, పెట్టెలో సర్దుతూ మాటకు అడిగాడు. "ఎవరికండి? పిల్లలకా?"

"నా కొడుకుకు. నల్ల ఫంగస్ వచ్చి ఒక కన్ను తీసేసిన్రు. ఉన్న కంటికి ఫోన్ ఎలుగు పడదు. ఎవలకు మొకం చూపెట్టడు. దుప్పటి కట్టుకొని చీకట్లనే ఉంటడు." లస్మయ్య ఎవరికీ చెప్పని మాటలు పెట్టెను చూస్తూ చెప్పాడు. "గా చీకట్ల ఇదైతే చదువుకుంట అంటుండు."

పెట్టె మూత మీద ఉన్న రాధాకృష్ణ చెయ్యి ఆగిపోయింది.

"చీకట్లోనా?"

"ఆఁ. బొమ్మల పిల్ల చదువుతలేదా?"

బయట వాన రేకుల మీద పడుతోంది. అతను పలకను పెట్టెలోంచి తీసి, తొడుగు విప్పి, బల్ల మీద పెట్టాడు. వెళ్ళి షట్టరు పూర్తిగా కిందికి దించాడు. షెడ్డు చీకటైంది.

"చూడండి."

లస్మయ్య చూశాడు. బల్ల కనిపించలేదు. పలక కనిపించలేదు. రాధాకృష్ణ గొంతు మాత్రం వినిపించింది.

"దీంట్లో లైటు లేదండి. కాగితం లాగే ఇది కూడా. వెలుతురు దాని మీద పడితేనే కనిపిస్తుంది. లైటు పెట్టాలంటే మా వల్ల కాలేదు. చీకట్లో ఇది వట్టి చెక్కముక్క."

"మరి పిల్ల మొకం మీద ఎలుగు?"

"బొమ్మ గీసినవాడు పెట్టాడు. తీసెయ్యమన్నాను. తర్వాత అమ్ముడుపోవడం మొదలైంది. మళ్ళీ గట్టిగా చెప్పలేదు."

షట్టరు లేచింది. రాధాకృష్ణ మొఖం ఆ కాసేపట్లోనే పాలిపోయింది. "వారంటీ కూడా నమ్మకండి. హజీరాలో మంచి ఉద్యోగం మానుకొని ఇది పెట్టాను. లాక్‌డౌన్‌కి పనివాళ్ళంతా వెళ్ళిపోయారు. దీపావళికి ఈ షట్టరు తెరిచి ఉంటుందో లేదో నాకే తెలీదు. చెడిపోతే బాగుచేసేవాడు ఉండడు. మీరు తీసుకోకండి."

లస్మయ్య బల్ల మీది పలకను అతని వైపు నెట్టాడు. "తప్పేంది అని అడిగిన గద! అప్పుడే చెప్తే నీదేం పోతుండె?"

"మీరు కొనేవారు కాదు."

లస్మయ్య ఇంకేదో అనబోయాడు. రోలరు మీదికి ఎక్కి రెండు చుట్లలో మాయమైన గీత గుర్తొచ్చి నోరు మూతపడింది. వంగి షట్టరు దాటి వానలోకి పోయాడు.

ఆటోల దగ్గర టీ బండి రేకు కింద నిలబడ్డాడు. లింబాయత్ ఆటో వచ్చింది, పోయింది. ఇంకొకటి వచ్చింది. "ఆనా హై, చాచా?" అని డ్రైవర్ అరిచాడు. లస్మయ్య తల అడ్డంగా ఊపాడు. ఇంటికి ఏం పట్టుకొని పోవాలి? మోసం అని చెబితే వాడు మళ్ళీ గోడ వైపు తిరుగుతాడు. మోసం కూడా కాదు. ఇన్ని రోజుల్లో తనకు నిజం చెప్పిన మనిషి ఒకడు దొరికాడు, వాడు కొనొద్దనే చెప్పాడు. నమ్మదగ్గ మనిషి, పనికిరాని సరుకు. దవాఖానాలో కొడుకును లోపలికి తీసుకుపోయిన తలుపు ముందర నిలబడ్డప్పుడు కూడా లస్మయ్యకు ఇట్ల దిక్కుతోచకుండా కాలేదు. అప్పుడు చేయడానికి ఏదో ఒకటి ఉండె.

బండి మనిషి అడగకుండానే చాయ ఇచ్చాడు. తాగలేదు. గ్లాసు వేడికి చేతులు ఆనించుకొని నిలబడ్డాడు. కండ్లముందర బట్ట మీద నల్లరంగు అద్దినట్టున్న అక్షరాలు వచ్చి పోతున్నాయి.

గ్లాసు బండి మీద పెట్టి వెనక్కి నడిచాడు.

రాధాకృష్ణ అదే బల్ల ముందు అట్లనే కూర్చొని ఉన్నాడు. లస్మయ్యను చూసి లేవలేదు.

"కట్టియ్యి సారు."

"చెప్పాను కదండీ..."

"చెప్పినవ్. తప్పు ఏడున్నదో తెల్సింది. ఇగ చాలు. కట్టియ్యి."

రాధాకృష్ణ ధర తగ్గించలేదు, లస్మయ్య అడగలేదు. ఫోన్లో ఉన్న కమలాకర్ పుస్తకాలు పలకలోకి ఎట్లా ఎక్కించాలో అతను నిదానంగా, రెండుసార్లు చెప్పాడు. ఇందాక చూపించిన తెలుగు పుస్తకాన్ని పలకలోనే ఉంచాడు. వారంటీ కాగితం పెట్టెలోంచి తీసి చించి, ఒక ముక్క వెనకవైపు తన సొంత నంబరు రాసిచ్చాడు.

ఆటోలో పెట్టెను ఒళ్ళో పెట్టుకొని లస్మయ్య దారి పొడుగునా ఆలోచించాడు. కొడుకుకు ఎట్లా చెప్పాలి? ఆయన మాటల మనిషి కాదు. ఉధ్నా దగ్గర ఆటో ఆగినప్పుడు చెయ్యి జేబులోకి పోయింది. పెట్టె తెరిచి, పలక తొడుగు మూలకున్న గుడ్డ చెవికి ఎర్రపోగు కట్టాడు. కొస పంటితో తెంపాడు. పక్కన కూర్చున్నాయన, "తావీజా?" అని అడిగాడు.

"గసొంటి తాయెత్తే" అన్నాడు లస్మయ్య.

ఇల్లు చేరేసరికి మబ్బుకు పగలే సందె పడ్డట్టుంది. కనకవ్వ లేచి నిలబడింది. లస్మయ్య ఆమె వైపు చూడకుండా లోపలికి పోయి, దుప్పటి పక్కకు జరపకుండా కింది సందులోంచి పెట్టెను తోశాడు. లోపలినుంచి ఒక చెయ్యి వచ్చి అందుకుంది.

పెట్టె మూత తీసిన చప్పుడు. గుడ్డ తొడుగు జారిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

"బాపు." గొంతు సన్నగా ఉంది. "ఏం కనవడతలేదు."

లస్మయ్య దుప్పటి దగ్గరికి జరిగి కూర్చున్నాడు.

"గిది గూడ నకిలీదేనా?"

దుప్పటి వెనక వేళ్ళు పలక మీద తడుముతున్నాయి. అటు, ఇటు, అంచు వెంట. తొడుగు మీదికి పోయి ఒక దగ్గర ఆగాయి. కండెలు చుట్టిన చేతులవి. చీకట్లో కూడా ముడి తెలుస్తుంది.

"పోగు కట్టినవా?"

"కట్టిన."

"దీంట్ల తప్పేంది?"

"దాంట్ల లైటు లేదు బిడ్డా. ఎలుగు కాడికి తీస్కపోతనే కనవడుతది." లస్మయ్య దుప్పటి అంచు పట్టుకున్నాడు. "చేసినాయన మొకమ్మీదనే చెప్పిండు, కొనొద్దని. నేనే తెచ్చిన."

దుప్పటి కింద కాళ్ళు మెల్లగా గోడ వైపు తిరిగాయి.

ఆ రాత్రి కమలాకర్ తినలేదు. కనకవ్వ పొయ్యి ఆర్పి, భర్తను ఒక్క మాట కూడా అనకుండా, దుప్పటికి చెయ్యి ఆనించుకొని అక్కడే కూర్చుంది. కత్తెర నడుముకే ఉంది.

తెల్లారి వాన వెలిసింది. చాలా రోజులకు ఎండ గల్లీలోకి దిగి, ఎదురింటి రేకుకు తగిలి, వీళ్ళ గడప మీద పడింది. సోమలింగం వచ్చి, "మామా, నిన్న నీ కడుపునొప్పికి నేను తిట్లు తిన్న, ఇయ్యాల రాకుంటే మాస్టర్ నాకు కూడా నొప్పి లేపుతడు" అని చెప్పి పోయాడు. లస్మయ్య అంగి తొడుక్కొని కూడా కదలలేదు. నిద్రలేని కళ్ళతో కనకవ్వ చీరల కుప్ప గడప దగ్గరికి లాక్కొని ఎండలో కూర్చుంది. దారం ఎత్తి, తెంపి, దారం ఎత్తి, తెంపి.

దుప్పటి కదిలింది.

ముందు చెయ్యి, దాంట్లో పలక. తర్వాత మనిషి. గోడ పట్టుకొని రెండడుగులు వేసి ఆగిపోయాడు. వెలుగుకు ఉన్న కన్ను మూసుకుపోయింది, నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు. మళ్ళీ నడిచాడు. గడప దగ్గరికి వచ్చి, తల్లి పక్కన చీరల కుప్ప మీదికి ఒరగకుండా ఒదిగి కూర్చున్నాడు. బయట నీళ్ళు మోస్తున్న పక్కింటి ఆమె అడుగు ఆపింది. పట్టీ కట్టిన మొఖాన్ని చూసింది. బకెట్ రెండో చేతికి మార్చుకొని పోయింది.

లస్మయ్య ఉన్నచోటనే గోడకు ఆనుకున్నాడు. దగ్గితే ఏమవుతుందో అన్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

కమలాకర్ పలకను మోకాళ్ళ మీద పెట్టుకొని, వంచి, మళ్ళీ కొంచెం వంచి, ఎండ పడే వాలు చూసుకున్నాడు. వేలితో అక్షరం పెద్దగా చేశాడు. ఇంకా పెద్దగా చేశాడు. పెదవులు కదిలాయి. ఒక పేజీ తిరిగింది. ఇంకోటి తిరిగింది. కనకవ్వ తెంపడం మానేసి, చీర అరచేతి మీద అట్లనే పట్టుకొని కొడుకు మీదికి వంగి చూస్తోంది.

వాడు తలెత్తకుండానే విసుక్కున్నాడు.

"అవ్వా, జర జరుగు. నీ నీడ పడుతున్నది."

ఆమె గబుక్కున జరిగింది. కొంతసేపు ఏం చేయాలో తెలియనట్టు చేతులు చూసుకుంది. తర్వాత, "చాయ పెడుత" అని లేచి లోపలికి పోయింది. పొయ్యి వెలిగించిన చప్పుడు, గిన్నె పెట్టిన చప్పుడు వినిపించాయి.

కత్తెర చీరల కుప్ప మీద, కొడుకు మోచేతి పక్కనే ఉండిపోయింది. లస్మయ్య దాన్ని చూశాడు. లేవబోయాడు. కమలాకర్ ఇంకో పేజీ తిప్పాడు. లస్మయ్య మాస్కు సర్దుకొని, కత్తెరను అక్కడే ఉండనిచ్చి, కొడుకు మీద నీడ పడకుండా గోడ వారగా నడిచి పనికి పోయాడు.